వెలిసిపోయే మందు

పేరుకు బుల్లి గానీ, పై అరల్లోని సీసాలు అందుకోవాలంటే ప్రయోగశాలలో అందరూ ఆమెనే పిలిచేవారు. బుల్లి అన్నది ఇంట్లోవాళ్ళు పెట్టుకున్న ముద్దుపేరు. పనిచేసేచోట ఆమె పేరు చీకటమ్మ. ఆ పేరు ఊరికే రాలేదు. ఆమె గది కిటికీలకు నల్లకాగితం అంటించి ఉండేది. సీసాలన్నీ వెండిరేకు చుట్టుకుని కూర్చునేవి. లోపల ఒకే ఒక్క మసక ఆకుపచ్చ దీపం వెలిగేది. ఎవరైనా తలుపు కొట్టకుండా లోపలికి వచ్చారా, "తలుపు! తలుపు!" అని ఆమె పెట్టే కేక వరండా చివరిదాకా వినబడేది.

ఆమె తయారుచేస్తున్నది వెలుగు తగిలితే తప్ప పనిచేయని క్యాన్సర్ మందు. చీకట్లో ఉన్నంతసేపూ అది నోట్లో వేలు పెట్టినా కొరకని రకం. ఒంట్లోకి ఎక్కిస్తే రక్తంతో పాటు అంతటా తిరిగి, కణితిలో కాస్త ఎక్కువగా చేరి, కిమ్మనకుండా కూర్చుంటుంది. అప్పుడు డాక్టరు కణితి మీదకు ఎర్రటి వెలుగు పంపితే, మందు ఆ వెలుగును మింగి, ఆ బలాన్ని పక్కనున్న ఆక్సిజన్‌కు అందిస్తుంది. ఆ ఆక్సిజన్‌కు పూనకం వచ్చినట్టయి చుట్టూ ఉన్న కణాలను కాల్చేస్తుంది. వెలుగు పడని చోట ఏమీ జరగదు. కోత లేదు, కుట్టు లేదు. ఎర్ర వెలుగే ఎందుకంటే, చీకట్లో టార్చి మీద అరచెయ్యి పెట్టి ఆడుకున్న ప్రతి పిల్లకూ తెలుసు, మాంసాన్ని దాటుకుని ఇవతలికి వచ్చేది ఎరుపే.

బుల్లి కట్టిన అణువు ఆకుపచ్చగా, చూడముచ్చటగా ఉండేది. ఎర్ర వెలుగును గుటుక్కున మింగేది. అంతవరకూ ఏ పేచీ లేదు. కానీ దీపం కింద పెట్టిన కాసేపటికే దాని రంగు దిగిపోయేది. ఆకుపచ్చ కాస్తా లేత పసుపయ్యేది, పసుపు ఉత్త నీళ్ళయ్యేది. తను రెచ్చగొట్టిన ఆక్సిజనే తిరిగొచ్చి తననే కొరికేస్తోందన్నమాట.

పక్కబల్ల దగ్గర పనిచేసే మీసాలాయన అణువు అలా కాదు. దాన్ని దీపం కింద ఉదయం పెట్టి సాయంత్రం తీసినా చెక్కుచెదరదు. అందరూ దానికి మొండి అని పేరు పెట్టారు. మొండివాడు రాజుకంటే బలవంతుడని మీసాలాయన రోజుకోసారైనా గుర్తుచేసేవాడు.

ఎలుకల మీద పరీక్షకు పంపేది ఏదో తేల్చడానికి ప్రయోగశాల పెద్దాయన అందరినీ కూర్చోబెట్టాడు. ఆయన కోపంగా ఉన్నప్పుడు కళ్ళజోడు నుదుటి మీదకు తోస్తాడు, సంతోషంగా ఉన్నప్పుడూ అంతే. అందుకని ఆయన మనసేమిటో మాట్లాడేదాకా ఎవరికీ తెలిసేది కాదు.

"చూడమ్మా," అన్నాడు బుల్లితో. "సిపాయిని యుద్ధానికి పంపితే, కత్తి దూసీ దూయకముందే కళ్ళు తిరిగి పడిపోతే ఎట్లా? మొండినే పంపుదాం."

"నీది పాపం ఎండలో ఆరేసిన చొక్కా, చీకటమ్మా," అంది కణాలు పెంచే అక్క, జాలిగానే.

లెక్కలన్నీ పెద్దాయన పక్షానే ఉన్నాయి. మొహం మాడ్చుకోవడం బుల్లికి చేతకాదు కాబట్టి, మీసాలాయనకు చెయ్యి కలిపి, తన గదిలోకి వెళ్ళి, ఎందుకో తెలియకుండానే సీసాలన్నీ ఒకసారి తుడిచి పెట్టుకుంది.

ఆ రోజుల్లోనే ఆమె మేనమామకు చికిత్స మొదలైంది.

మావయ్య దుకాణాలకు బోర్డులు రాస్తాడు. నిచ్చెన మీద నిలబడి, దారిన పోయేవాళ్ళందరినీ పలకరిస్తూ, మాట తప్పకుండా, గీత తప్పకుండా రాయడం ఆయన విద్య. కొన్నాళ్ళుగా మెతుకు మింగుతుంటే గొంతు కింద అడ్డుపడుతోందని చెప్పేవాడు. పరీక్ష చేస్తే అన్నవాహికలో చిన్న కణితి కనబడింది. తొలిదశలోనే దొరికింది, అదే మేలు. గుండె బలహీనంగా ఉంది కాబట్టి పెద్ద కోత వద్దనీ, వెలుగు చికిత్స చేద్దామనీ డాక్టరమ్మ చెప్పింది. వాడేది ఎప్పటినుంచో ఉన్న పాతమందు. దాని అణువు ఎక్కడ ఎలా వంగుతుందో బుల్లి నిద్రలో అడిగినా చెబుతుంది. కానీ ఆ మందు ఎక్కించుకున్న మనిషిని చూడటం మాత్రం ఆమెకు అదే మొదలు.

మందు సూదితో ఎక్కించారు. అది కణితిలో చేరేదాకా ఆగి, నోట్లోంచి సన్నటి గొట్టం దించి, దాని కొసన ఎర్ర వెలుగు వెలిగించారు.

"ఇన్నాళ్ళూ అన్నం మింగలేకపోయాను. ఇప్పుడు దీపాలు మింగిస్తున్నారు," అన్నాడు మావయ్య, గొంతు పూర్తిగా రాకముందే. డాక్టరమ్మ నవ్వింది. పని బాగా జరిగిందంది. తర్వాత అసలు సంగతి చెప్పింది.

"మందు మీ చర్మంలో కూడా ఉంటుందండీ. ఒక నెల, అవసరమైతే ఇంకొంచెం ఎక్కువ, ఎండ మొహం చూడకూడదు. చూస్తే కాలిన బొబ్బలు లేస్తాయి. కిటికీ పక్కన కూర్చోవడం కూడా వద్దు."

అంతదాకా నవ్వించిన మావయ్య మొహంలో నెత్తురుచుక్క లేకుండా పోయింది. "నెల్లాళ్ళా? నేనా? ఇంట్లోనా?" అన్నాడు. క్యాన్సర్ అన్నప్పుడు కూడా అంత బెంబేలు పడలేదు.

"మీరు ఇంట్లో ఉంటే నా గతేమిటో ఎవరూ అడగరేం?" అంది అత్తయ్య.

పదిరోజులు తిరిగాక బుల్లి చూడటానికి వెళ్ళింది. ఇల్లు దూరం నుంచే మూసిన పెట్టెలా కనబడింది. తలుపు కొడితే లోపలినుంచి అత్తయ్య గొంతు వినబడింది. "ఎవరూ? ఒక్కరేనా? గబుక్కున వచ్చి గబుక్కున మూసెయ్!"

లోపల అడుగుపెట్టిన బుల్లికి సొంతగదిలోకి వచ్చినట్టే ఉంది, కాకపోతే ఆకుపచ్చ దీపం కూడా లేదు. కిటికీలకు దుప్పట్లు, దుప్పట్ల మీద దుప్పట్లు. తలుపు సందుల్లో పాతచీర ముక్కలు. చివరికి గోడగడియారం అద్దానికి కూడా గుడ్డ కట్టి ఉంది.

"గడియారం ఏం పాపం చేసిందత్తయ్యా?"

"మెరుస్తోందమ్మా. ఎందుకొచ్చిన గొడవ!"

చీకట్లో ఒక మూలనుంచి మావయ్య గొంతు వచ్చింది. "వచ్చావా కోడలా! ఇంకా ఏ మూల ఉన్నావో కనబడటం లేదు గానీ, ఉన్నావని మాత్రం నమ్ముతున్నాను."

"ఏం చేస్తున్నావు మావయ్యా?"

"ఏం చెయ్యనిస్తోంది మీ అత్త! మొదటి రెండురోజులు దీపం ఉండేది. ఇంట్లో డబ్బాలన్నిటికీ పేర్లు రాశాను. ఉప్పు, పంచదార, అన్నీ నీడలు తేలే అక్షరాల్లో. స్నానాలగది తలుపు మీద 'లోపల మనిషి ఉన్నారు' అని రాశాను. అది చూసి దీపం కూడా తీయించింది."

"తీయించనూ మరి!" అంది అత్తయ్య. "లోపల ఎవరూ లేకపోయినా ఆ తలుపు అదే మాట చెబుతుంటే, ఇంటికొచ్చినవాళ్ళు బయట నిలబడి పడిగాపులు పడుతున్నారు."

బుల్లికి నవ్వాగలేదు. కానీ నవ్వుతూనే ఏదో గుర్తొచ్చి లేచింది. దీపం మీట ఎక్కడుందో తడుముకుని వేసింది. అత్తయ్య "అయ్యో! అయ్యో!" అంటూ కొంగు తీసి భర్త మొహానికి అడ్డం పెట్టింది. మావయ్య ఆ కొంగులోంచే, "వెలుగు! బతికాను!" అన్నాడు.

"అత్తయ్యా, డాక్టరమ్మ ఎండ వద్దంది. దీపం వద్దనలేదు కదా? ఇచ్చిన కాగితంలో కూడా మామూలు దీపం వెలుతురులోనే ఉంచమని ఉంటుంది, చూడండి."

"కాగితం నేను చదవలేదు. ఎండ వద్దందిగా, వెలుగంతా ఒకటే కదా అనుకున్నాను." అత్తయ్య గొంతు తగ్గింది. ఆమె కళ్ళకింద నల్లటి చారలు అప్పుడు కనబడ్డాయి బుల్లికి. దుప్పట్లు కిటికీలకు కట్టేసి, ఆమె రాత్రుళ్ళు ఏమీ కప్పుకోకుండానే పడుకుంటోందని కూడా అప్పుడే అర్థమైంది.

బుల్లి ఆమెను పక్కన కూర్చోబెట్టుకుంది. "వెలుగంతా ఒకటే, కానీ జోరు వేరు. ఎండలోకి వెళితే చర్మంలోని మందంతా ఒక్కసారిగా రెచ్చిపోతుంది, కాలిపోతుంది. దీపం వెలుగు మెల్లగా పడుతుంది. మందు కొద్దికొద్దిగా, ఎవరికీ నొప్పి తెలియకుండా చెడిపోతుంది. చీకట్లో ఉంచామనుకోండి, మందు మందుగానే కూర్చుంటుంది. నెల తర్వాత బయటికి పోయినా కాలుతుంది."

"అయితే అది వెలిసిపోవాలంటావు?" అన్నాడు మావయ్య.

"వెలిసిపోవాలి మావయ్యా. ఎంత త్వరగా వెలిసిపోతే నీకు అంత..."

ఆ మాట సగంలో ఆగిపోయింది. అత్తయ్య కప్పుకోవడానికని కిటికీకున్న దుప్పట్లలో పైది ఒకటి విప్పి తీసిందల్లా, అది బుల్లి చేతుల్లో అలాగే ఉండిపోయింది.

"ఏమైందే?" అంది అత్తయ్య కంగారుగా. "మళ్ళీ కట్టెయ్యనా?"

"వద్దు, వద్దు. ఏమీ కాలేదు. నా దగ్గర వెలిసిపోయే మందు ఒకటుంది, అత్తయ్యా. పనికిరాదని మొన్ననే పక్కన పెట్టాం!"

మర్నాడు పెద్దాయన ఇంకా సంచి బల్ల మీద పెట్టకముందే బుల్లి ఆయన ఎదుట నిలబడింది. మావయ్య కథ చెప్పింది. గడియారానికి గుడ్డ కట్టిన సంగతి కూడా వదలలేదు.

"ఇంతకాలం మనం కణితి వైపు నుంచే చూశాం సార్. చికిత్స అయ్యాక మనిషి ఇంటికెళ్ళి ఏం చేస్తాడో ఆలోచించలేదు. మొండి చర్మంలో ఎన్నాళ్ళుంటుందో ఎవరికి తెలుసు? నాది కణితిలో పని చేస్తుంది, చర్మంలో మిగిలింది గది వెలుతురుకే పోతుంది."

పెద్దాయన కళ్ళజోడు నుదుటి మీదకు తోశాడు. "పని చేస్తుందా? పని మొదలుపెట్టకముందే పోతోంది కదమ్మా. అదే కదా మన గొడవ."

"కొంచెం ఆగి పోయేట్టు చేస్తాను."

"ఎంత ఆగి?"

"పని అయ్యేదాకా."

ఆయన సంచి బల్ల మీద పెట్టి, "వచ్చిన పని చూసుకుని, మర్యాదగా సెలవు తీసుకునే చుట్టం కావాలంటావు," అన్నాడు. "అలాంటి చుట్టాలు మా ఇంటికి ఒక్కరూ రాలేదు. సరే, చెయ్యి. మొండిని ఎలుకలకు ఇచ్చేలోగా నీది తయారైతే రెండిటినీ కలిపే పంపుదాం."

అనడం తేలికే, చేయడంలోనే ఉంది తిరకాసు. ఆక్సిజన్ ముందుగా కొరికేది అణువు అంచున ఒక చోట. అక్కడ కాపలాగా పరమాణువుల చిన్న గుత్తి ఒకటి తగిలించింది బుల్లి. అది చాలలేదు, రంగు యథాప్రకారం పారిపోయింది. పెద్దది తగిలించింది. ఈసారి అణువు మొండికి తమ్ముడైపోయి, ఎంత వెలుగు పోసినా కదలనంది. కాపలా పక్కకు జరిపితే అణువులన్నీ నీళ్ళలో ఒకదాన్నొకటి కరుచుకుని ముద్దకట్టాయి. ముద్దకట్టిన మందు వెలుగు మింగుతుంది గానీ పనిచేయదు, తిని పడుకునే రకం. విడదీయడానికి నీళ్ళంటే ఇష్టపడే తోక ఒకటి అతికించింది. తోక అతుక్కుంది, తల ఊడింది.

"ఇవాళ ఏమైంది?" అని అడిగేది కణాల అక్క రోజూ.

"తోక ఉంది, తల లేదు."

"నిన్న?"

"తల ఉంది, తోక లేదు."

"రెండూ ఉన్నరోజు పిలు."

రెండూ ఉన్నరోజు రానే వచ్చింది. బుల్లి చిట్టిసీసా వెండిరేకులో చుట్టి, పసిపిల్లను ఎత్తుకున్నట్టు ఎత్తుకుని అక్క దగ్గరికి పరిగెత్తింది. క్యాన్సర్ కణాలున్న పళ్ళేల్లో మందు వేశారు. కొన్నిటిని చీకట్లో ఉంచారు, కొన్నిటికి ఎర్ర వెలుగు చూపించారు. మర్నాడు అక్క సూక్ష్మదర్శినిలో కన్ను పెట్టి ఒక్కొక్క పళ్ళెమే తీరిగ్గా చూడసాగింది.

"చెప్పక్కా, ప్రాణం పోతోంది!"

"నీ ప్రాణం కాదు, వీటివి పోయాయి," అంది అక్క కన్ను తీయకుండానే. "వెలుగు చూపించినవన్నీ హరీమన్నాయి. చీకట్లోవి హాయిగా ఉన్నాయి. మందు రంగు చూస్తే... ఆనవాలే లేదు. పని చేశాకే పోయింది, చీకటమ్మా. చేశాకే పోయింది!"

ఎలుకల గదిలో పరీక్ష మొదలయ్యేసరికి మావయ్య గడువు పూర్తయింది. డాక్టరమ్మ చెప్పినట్టు, ముందు ఒక్క చెయ్యి మాత్రం కొద్దిసేపు ఎండలో పెట్టి చూడాలి. మావయ్య తలనుంచి కాళ్ళదాకా దుప్పటి కప్పుకుని, గుమ్మంలో కుర్చీ వేసుకుని, చెయ్యి ఒక్కటి బయటికి చాపి కూర్చున్నాడు. దారిన పోయే ఒకామె ఆ వాలకం చూసి, పాపం ఎవరో అనుకుని, చేతిలో అరటిపండు పెట్టి వెళ్ళిపోయింది. మర్నాటికి కూడా చెయ్యి ఎర్రబడలేదు. మావయ్య దుప్పటి విసిరేసి వీధి చివరిదాకా నడిచి, కనబడ్డ ప్రతివాళ్ళకూ అరటిపండు కథ చెప్పి, మధ్యాహ్నం కంచంలో పెట్టింది మొత్తం ఖాళీ చేశాడు. మెతుకు ఎక్కడా అడ్డుపడలేదు. మళ్ళీ గొట్టం వేసి చూసిన డాక్టరమ్మకు కణితి జాడ కనబడలేదు. అయినా ఏడాదికి కొన్నిసార్లు వచ్చి చూపించుకోవాలని గట్టిగా చెప్పింది.

ఎలుకల్లో మాత్రం వ్యవహారం అంత తేలిగ్గా నడవలేదు. మొండి ఇచ్చిన ఎలుకల్లో కణితులు పూర్తిగా కరిగాయి. బుల్లి మందు ఇచ్చినవాటిలో చిన్నవి కరిగాయి గానీ, లావుపాటి కణితుల అడుగున కాస్త మిగిలింది. తర్వాత రెండు గుంపులనూ గది వెలుతురులో కొన్నాళ్ళు ఉంచి, ఎండలాంటి దీపం కింద పెట్టారు. మొండి ఎలుకల చెవులు వాచి, ఎర్రగా కందిపోయాయి. బుల్లి మందు ఇచ్చిన ఎలుకలు ఆ దీపం కిందే చెవులు ఆడించుకుంటూ గింజలు కొరుక్కున్నాయి.

"నా మందు రోగం తీసి చెవులు కాల్చింది. నీది చెవులు కాపాడి రోగం మిగిల్చింది," అన్నాడు మీసాలాయన. ఆ పూట ఆయన మీసం కూడా వాలిపోయినట్టే ఉంది. వాచిన చెవులను ఆయన ఒకటికి రెండుసార్లు చూసి వచ్చాడు. గెలిచిన మందు అనుకున్నది ఇలా అయ్యేసరికి ఆయనకూ కష్టంగానే ఉంది.

బుల్లి బల్ల మీద తల ఆనించింది. "అడుగుదాకా పోయేలోగా రంగు అయిపోతోందేమో."

"రంగు కాదు," అన్నాడు మీసాలాయన. "ఊపిరి. నీది తొందరగా పనిచేసి అక్కడి ఆక్సిజనంతా ఒక్క ఊపులో వాడేస్తోంది. ఆక్సిజన్ లేనిచోట వెలుగు పోసి ఏం లాభం? నీ మందు ఊరికే వెలిసిపోతోంది. వెలుగు ఒకేసారి ఇవ్వకు. కాసేపు ఇవ్వు, ఆపు. రక్తం మళ్ళీ ఆక్సిజన్ తెచ్చాక మిగతాది ఇవ్వు."

బుల్లి తలెత్తి ఆయనను చూసింది. "మీ మందుకు పోటీగా ఉన్నదానికి మీరే ఉపాయం చెబుతున్నారు."

"ఆ చెవులు చూశాక పోటీ ఎక్కడిదిలే," అన్నాడాయన. "పద, దీపానికి గడియారం బిగిద్దాం."

ఇద్దరూ కలిసి బిగించారు. వెలుగు రెండు విడతలుగా ఇచ్చారు. ఈసారి లావుపాటి కణితులు కూడా దాదాపు అన్నీ అడుగంటా పోయాయి. చెవులకు ఏమీ కాలేదు. లెక్కలన్నీ చూసుకుని పెద్దాయన కళ్ళజోడు నుదుటి మీదకు తోశాడు.

"మందు ఈమెది, వెలుగు లెక్క ఆయనది," అన్నాడు. "ఇద్దరి పేర్లూ కలిపే రాయండి. ఇంకా పెద్ద జంతువులకు ఇవ్వాలి, మళ్ళీ మళ్ళీ చూడాలి, చాలా దూరం ఉంది. ఇప్పుడే ఎగిరి గంతెయ్యకండి." అని, తనే మీసాలాయన వీపు మీద ఒక్క చరుపు చరిచాడు.

బుల్లి ఆ సాయంత్రం మావయ్యకు చికిత్స చేసిన డాక్టరమ్మకు ఫోను చేసి సంగతంతా చెప్పింది.

"అంటే ఈ మందుతో అయితే నా రోగులు రెండుమూడు రోజుల్లో బయట తిరగొచ్చంటారా?"

"ఎలుకలు తిరుగుతున్నాయండీ. మనుషుల సంగతి ఇప్పుడే చెప్పలేను. అన్నీ కలిసొచ్చినా చాలా ఏళ్ళు పడుతుంది."

"ఏళ్ళంటే ఎన్ని? నేను రిటైరయ్యేలోపు తెండి. నెల్లాళ్ళు ఇంట్లో కూర్చోమన్నప్పుడు వాళ్ళు మొహాలు పెట్టే తీరు చూడలేక చస్తున్నాను. అందులో మీ మావయ్యగారి మొహమైతే మరీనూ!"

బుల్లి పకపకా నవ్వింది. ఫోను పెట్టేసరికి మీసాలాయన గుమ్మంలో నిలబడి ఉన్నాడు. పెద్ద జంతువులకు సరిపడా మందు చేయాలంటే చిట్టిసీసాలు చాలవు కాబట్టి, బిందెంత గాజుపాత్ర ఒకటి రెండు చేతులా పట్టుకుని ఆయాసపడుతున్నాడు.

"దీనికి రేకు చుట్టాలంటే మన దగ్గరున్న చుట్టంతా అయిపోతుంది," అన్నాడు.

"ఇటు పెట్టండి. మీరు తిప్పుతూ ఉండండి, నేను చుడతాను," అంది బుల్లి, రేకు చుట్ట అందుకుంటూ.